తప్పు జవాబు చూసి కంప్యూటర్ ఏమి తెలుసుకుంటుంది?

52లోంచి 27 తీసివేయమంటే ఒక పిల్లవాడు 35 అని రాశాడు. తప్పు. 81లోంచి 46 తీసివేస్తే 45 అన్నాడు. అదీ తప్పే. 79లోంచి 23 తీసివేయమంటే మాత్రం 56 అని సరిగ్గా చెప్పాడు. మార్కుల పుస్తకంలో రెండు తప్పులు, ఒక ఒప్పు మిగులుతాయి, అంతే. కానీ ఆ తప్పుల ముందు కాస్త నిలబడి చూస్తే పిల్లవాడు ఎక్కడా తడబడలేదని తెలుస్తుంది. పైన 2, కింద 7 కనబడితే 7లోంచి 2 తీసి 5 వేశాడు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడమే అతని సూత్రం. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలన్న సంగతి అతనికి ఇంకా అందలేదు. అప్పుతో పనిలేని లెక్క వచ్చినప్పుడు అదే తప్పుడు సూత్రం ఒప్పు జవాబు ఇచ్చింది.

పిల్లలు తీసివేతల్లో చేసే తప్పుల వెనక ఇలాంటి సూత్రాలు ఉంటాయని 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు ఒక పత్రంలో వివరంగా చూపించారు. వాళ్లు తయారుచేసిన కంప్యూటర్ ప్రోగ్రాం పేరు ‘బగ్గీ’. ప్రోగ్రాంలో దోషాన్ని బగ్ అంటారు కదా, పిల్లల లెక్కల్లోని దోషాలనూ వాళ్లు అలాగే చూశారు. పద్ధతి చెడింది, కానీ పద్ధతంటూ ఒకటి ఉంది. మంచి ఉపాధ్యాయులకు ఇది ఎప్పటినుంచో తెలిసిన విషయమే. కొత్తదేమిటంటే, ఒక యంత్రం కూడా ఆ పని చేయగలదా అని అడగడం.

ఇవాళ ఆ ప్రశ్న ఇంకా పెద్దదైంది. లెక్కలు, భాషలు, ప్రోగ్రామింగ్, చదరంగం, ఏది నేర్చుకోవాలన్నా మనం తెర ముందు కూర్చుంటున్నాం. నొక్కిన ప్రతి మీటకూ ఒక వరుస నమోదవుతుంది. ఎవరు, ఏ ప్రశ్న, ఎన్ని గంటలకు, ఏ జవాబు, ఎన్ని సెకన్లు పట్టింది, సూచన అడిగారా లేదా. ఈ వరుసల గుట్టలోంచి ‘ఈ మనిషికి ఇప్పుడు ఏమి తెలుసు, రేపటికి ఎంత గుర్తుంటుంది, తర్వాత ఏ ప్రశ్న ఇవ్వాలి’ అని తేల్చడమే ఇక్కడి చిక్కు. చిక్కు ఎందుకంటే, ఆ వరుసల్లో జవాబు ఉంటుంది గాని తెలివిడి ఉండదు. దాన్ని ఊహించుకోవాలి.

ఆ ఊహను ఒక క్రమంలో పెట్టిన లెక్కల్లో అన్నిటికన్నా ఎక్కువగా నిలబడింది 1995 నాటిది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ కార్బెట్, జాన్ ఆండర్సన్, లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే కంప్యూటర్ ట్యూటర్ కోసం దాన్ని రూపొందించారు. పేరు నాలెడ్జ్ ట్రేసింగ్, అంటే తెలివిడి జాడ పట్టడం. దాని గుండెకాయ నాలుగు అంకెలు. మొదలుపెట్టేసరికే ఆ నైపుణ్యం వచ్చి ఉండే అవకాశం ఒకటి. రాని వారికి ఒక్కో ప్రశ్నతో అది పట్టుబడే అవకాశం రెండోది. వచ్చినవారు కూడా పప్పులో కాలు వేసే అవకాశం మూడోది. రానివారు గుడ్డిగా కొట్టినా తగిలే అవకాశం నాలుగోది.

అంకెలు వేసి చూద్దాం, అప్పుడే దీని సొగసు తెలుస్తుంది. నైపుణ్యం ముందే ఉండే అవకాశం 0.40, పొరపాటు 0.10, గుడ్డి గురి 0.20, ఒక్కో ప్రశ్నతో నేర్చుకునే అవకాశం 0.15 అనుకుందాం. విద్యార్థి మొదటి ప్రశ్నకు సరైన జవాబు ఇచ్చాడు. వచ్చి, సరిగ్గా చెప్పే అవకాశం 0.40ని 0.90తో గుణిస్తే 0.36. రాకపోయినా తగిలే అవకాశం 0.60ని 0.20తో గుణిస్తే 0.12. మొత్తం 0.48లో 0.36 అంటే 0.75. ఈ ప్రశ్న చేస్తూ చేస్తూ నేర్చుకుని ఉండవచ్చు కాబట్టి మిగిలిన 0.25లో 15 శాతం కలిపితే సుమారు 0.79. ఒక్క జవాబుతో నమ్మకం 0.40 నుంచి 0.79కి పెరిగింది. రెండోది కూడా ఒప్పయితే 0.95 దాటుతుంది. ఇలాంటి ట్యూటర్లలో ‘ఇతనికి వచ్చేసింది, ముందుకు పంపు’ అనడానికి సాధారణంగా గీసే గీత ఆ 0.95 దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. గుడ్డి గురి 0.20 బదులు 0.40 అనుకుంటే, అదే గీత దాటడానికి వరుసగా నాలుగు ఒప్పులు కావాలి. విద్యార్థి మారలేదు, జవాబులూ మారలేదు. మన అనుమానం మాత్రం పెరిగింది. ‘యాప్ చెప్పింది’ అని మనం తలూపే నిర్ణయాల వెనక ఇలాంటి అనుమానాల అంకెలు దాగి ఉంటాయి. వాటిని పాత విద్యార్థుల రికార్డుల నుంచే లెక్కగడతారు. అంటే నా మీద తీర్పు, నాకు ముందు వచ్చినవారి గుడ్డి గురి మీద కూడా ఆధారపడుతుంది.

అంతకన్నా లోతైన చిక్కు మరొకటుంది. గుడ్డి గురిని మళ్లీ 0.20కి తెచ్చి, మన తీసివేతల పిల్లవాడిని ఈ లెక్కలో పెట్టి చూడండి. తప్పు, తప్పు, ఒప్పు. అతని మీద యంత్రానికున్న నమ్మకం 0.40 నుంచి 0.22కి, అక్కడినుంచి 0.18కి జారి, ఒక్కసారిగా 0.57కి లేస్తుంది. చూసేవారికి ఎవరో అల్లల్లాడుతున్నట్టు కనిపిస్తుంది. కానీ పిల్లవాడి బుర్రలో అల్లాట ఎక్కడిది? మొదటి నుంచి చివరిదాకా ఒకే సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తప్పు యంత్రానిది కూడా కాదు. ‘తీసివేత’ అని ఒకే పేరు పెట్టి రెండు వేర్వేరు నైపుణ్యాలను మనం ఒకే గాటన కట్టాం. ‘అప్పు అక్కరలేని తీసివేత’, ‘అప్పు తెచ్చుకునే తీసివేత’ అని విడదీస్తే, మొదటిదానిలో అతని జవాబులన్నీ ఒప్పు, రెండోదానిలో అన్నీ తప్పు. అల్లాట మాయం. నా దృష్టిలో ఈ రంగంలో అసలు పనితనం ఇక్కడే ఉంది. ఏ సమీకరణం వాడాలి అన్నదానికన్నా, విషయాన్ని ఎక్కడ కోయాలి అన్నది గట్టి ప్రశ్న. ఎక్కువ అభ్యాసం చేసినా తప్పులు తగ్గని చోట, నైపుణ్యానికి పెట్టిన పేరే తప్పేమోనని పరిశోధకులు ముందు అనుమానిస్తారు. 2006లో హావో సెన్, కెన్నెత్ కోడింజర్, బ్రయన్ జంకర్ ఈ అనుమానానికే ఒక పద్ధతి కట్టారు. నైపుణ్యాలను విడదీస్తూ, కలుపుతూ, ఏ విభజనకు రికార్డులు చక్కగా ఒదుగుతాయో వెతికే పద్ధతి అది.

కార్బెట్, ఆండర్సన్‌ల తొలి లెక్కలో ఒక లోపం ఉండేది. అందులో మరుపు లేదు. ఒకసారి వస్తే వచ్చినట్టే. ఒక గంట పాఠంలో అది పెద్ద నష్టం చేయదు, కాని నెలల తరబడి సాగే చదువులో చేస్తుంది.

మరుపును అంకెల్లో పెట్టిన తొలి మనిషి హెర్మన్ ఎబింగ్‌హౌస్. 1885లో అచ్చయిన ఆయన పరిశోధనలో పాల్గొన్నవారు ఒకే ఒక్కరు, ఆయనే. అర్థంలేని అక్షర గుచ్ఛాలను కంఠస్థం చేసి, కొంతకాలం ఆగి, మళ్లీ కంఠస్థం చేసేందుకు ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం శ్రమ ఆదా అయింది. ఒక రోజు తర్వాత 34 శాతం, 31 రోజుల తర్వాత 21 శాతం. మొదటి గంటల్లో జారుడుబల్ల, తర్వాత దాదాపు చదునైన నేల. ఇక్కడ నాకు ఎప్పుడూ నచ్చేది ఆయన కొలిచిన తీరు. గుర్తుందా లేదా అని అడగలేదు, తిరిగి నేర్వడానికి ఎంత పట్టింది అని చూశాడు. పూర్తిగా మరిచిపోయామనుకున్నది కూడా లోపల కొంత జాడ మిగిల్చే ఉంటుంది, ఆ కొలతలో అది దొరికిపోతుంది.

2016లో భాషలు నేర్పే యాప్ డ్యూయోలింగో పరిశోధకులు బర్ సెటిల్స్, బ్రెండన్ మీడర్ ఈ పాత ఆలోచనకు కొత్త రూపం ఇచ్చారు. ఒక్కో పదానికి ఒక ‘అర్ధాయువు’ ఉంటుందని ఊహించారు, రేడియోధార్మిక పదార్థానికి ఉన్నట్టే. ఒక పదం అర్ధాయువు నాలుగు రోజులైతే, నాలుగు రోజులకు గుర్తుండే అవకాశం సగం, ఎనిమిది రోజులకు పావు. సరిగ్గా గుర్తుచేసుకున్న కొద్దీ అర్ధాయువు పెరుగుతుంది, తప్పితే తగ్గుతుంది. సుమారు 1.3 కోట్ల అభ్యాస రికార్డుల మీద దీన్ని పరీక్షించి, ఆ రికార్డులను ఇతర పరిశోధకులకు కూడా తెరిచి ఉంచారు. ఒక వ్యక్తి తన మీద తాను చేసుకున్న ప్రయోగం నుంచి కోటి దాటిన వరుసలకు వచ్చేసరికి 131 ఏళ్లు పట్టింది. వక్రరేఖ ఆకారం మాత్రం ఎబింగ్‌హౌస్ చూస్తే గుర్తుపట్టేదే.

ఇక సగటుల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బయట మనం చూసే ‘నేర్చుకునే వేగం’ గ్రాఫుల్లో చాలావాటికి మూలదోషం ఇదే.

అభ్యాసం చేసిన కొద్దీ పనికి పట్టే సమయం తగ్గుతుంది. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా. 1981లో అలన్ న్యూవెల్, పాల్ రోజెన్‌బ్లూమ్ రకరకాల పనుల లెక్కలు తీసి, ఈ తగ్గుదల ఎక్కడ చూసినా ఒకే గణితరూపంలో ఉందని చూపారు. దాన్ని అభ్యాసపు ఘాత నియమం (పవర్ లా) అన్నారు. దాదాపు ఇరవై ఏళ్లు అది ప్రకృతి సూత్రంలా చలామణి అయింది. 2000లో ఆండ్రూ హీత్‌కోట్, స్కాట్ బ్రౌన్, డగ్లస్ మ్యూహార్ట్ ఒక్కొక్క మనిషి రికార్డును విడిగా తీసి చూస్తే ఆ రూపం సరిగ్గా ఒదగలేదు. విడివిడి వ్యక్తులకు వేరే రూపం, మిగిలిన దూరంలో ఒక్కోసారీ ఒకే వంతు తగ్గే ఎక్స్‌పొనెన్షియల్ వక్రరేఖ, మెరుగ్గా సరిపోయింది. రకరకాల వేగాలున్న అలాంటి రేఖలను కలిపి సగటు తీస్తే ఘాత నియమం పుట్టుకొస్తుంది. నియమం మనుషులది అనుకున్నాం, కొంతమేరకైనా అది సగటుది.

దీన్ని ఇంకా మొరటుగా ఊహించుకోవచ్చు. పది మంది ఒక పజిల్ కిటుకు కోసం వెతుకుతున్నారు. ఒకరికి మూడో ప్రయత్నంలో వెలుగుతుంది, ఒకరికి ఏడోదానిలో, మరొకరికి పన్నెండోదానిలో. వెలిగిన క్షణం వరకూ ఎవరికీ ఏమీ రాదు, వెలిగాక అంతా వస్తుంది. ఏ ఒక్కరిలోనూ క్రమక్రమమైన మెరుగుదల లేదు. పది మంది సగటు గీస్తే మాత్రం నున్నగా పైకి పాకే గీత వస్తుంది. ఆ గీతను చూసి ‘మనుషులు కొద్దికొద్దిగా నేర్చుకుంటారు’ అని రాసేస్తే, అక్కడ లేనివారి కథ రాసినట్టే.

దీనికి తోబుట్టువు లాంటి మోసం ఇంకొకటి. తెర మీద చదువులో మనుషులు వెళ్లిపోతుంటారు. ఒక పాఠాన్ని వంద మంది మొదలుపెట్టారు. యాభై మంది ఇప్పటికే దిట్టలు, నూటికి తొంభై ఒప్పులు. మిగతా యాభై మందికి నూటికి నలభై ఒప్పులు. సగటు 65. దిట్టలకు వచ్చేసిందని యంత్రం వారిని పై పాఠానికి పంపేసింది. మిగిలినవారు కష్టపడి నలభై నుంచి యాభై అయిదుకు ఎదిగారు. గ్రాఫ్‌లో మాత్రం 65 నుంచి 55కి పతనం! గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ మెరుగైన రోజున సంస్థ నివేదికలో ‘పాఠం పనిచేయడం లేదు’ అని పడుతుంది. దీనికి తలకిందుల మోసం కూడా ఉంది. విసిగినవారు వదిలేసి పోతే, ఎవరూ ఏమీ నేర్వకపోయినా సగటు పెరుగుతుంది. గ్రాఫ్ చూసినప్పుడు మొదట అడగవలసింది, ఈ చివరి చుక్కలో ఉన్నవారూ ఆ మొదటి చుక్కలో ఉన్నవారూ ఒకరేనా అని.

సగటు మోసాలను జాగ్రత్తగా తప్పించుకుంటే పెద్ద రికార్డులు నిజంగానే విలువైనవి. టామ్ స్టాఫర్డ్, మైకేల్ డ్యువర్ 2014లో ఒక చిన్న ఆన్‌లైన్ ఆట ఆడిన 8,54,064 మంది రికార్డులు పరిశీలించారు. ప్రయోగశాలలో ఇంతమందిని కూర్చోబెట్టడం కలలో మాట. అన్ని ఆటలూ ఒకే ఊపులో ఆడేసినవారికన్నా, మధ్యలో ఎడం ఇచ్చి ఆడినవారి స్కోర్లు తర్వాత మెరుగ్గా ఉన్నాయి. మొదట్లో స్కోర్లు పైకీ కిందికీ బాగా ఊగినవారు, బహుశా రకరకాల ఎత్తులు వేసి చూసినవారు, తర్వాత ఎక్కువ ఎత్తుకు చేరారు. ఇది పరిశీలన మాత్రమే, ఎడం ఇవ్వమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు. అయినా ఎడం ఇచ్చి నేర్చుకోవడం మేలని ప్రయోగశాలల్లో ముందే తేలిన విషయంతో చక్కగా కలుస్తుంది.

2015 నుంచి, రికార్డులు చూస్తూ తమ అంకెలను తామే సవరించుకుని నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులు ఈ రంగంలోకి వచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ పీచ్ బృందం ‘డీప్ నాలెడ్జ్ ట్రేసింగ్’ను ప్రకటించింది. నాలుగు అంకెల స్థానంలో వేల అంకెలు. తర్వాతి జవాబు ఒప్పా తప్పా అని ఊహించడంలో అది పాతదాన్ని చాలా దూరం వెనక్కి నెట్టిందని పత్రం చెప్పింది. మరుసటి ఏడాదే మొహమ్మద్ ఖాజా, రాబర్ట్ లిండ్సే, మైకేల్ మోజర్ పాత లెక్కకు మరుపును, మనిషి మనిషికీ ఉండే సామర్థ్య భేదాన్ని, నైపుణ్యాలను రికార్డుల నుంచే కనిపెట్టే పద్ధతిని జోడించి చూశారు. అంతరం దాదాపు మాయమైంది. కొండను తవ్వి ఎలుకను పట్టారని నేను అనను. ఎలుక ఎక్కడుందో తెలిసింది కదా. పాత లెక్కలో ఏయే ముక్కలు లోపించాయో న్యూరల్ నెట్‌వర్కే చూపించినట్టయింది. పైగా పాత లెక్కను ఉపాధ్యాయుడికి వివరించవచ్చు. వేల అంకెల నెట్‌వర్కును ‘ఈ అమ్మాయిని ఎందుకు ఆపావు’ అని అడిగితే అది నోరు విప్పదు.

ఇంతవరకూ చెప్పుకున్నది ఒక ప్రశ్న, ఒక జవాబు ఉన్న చదువు గురించి. సమస్య పరిష్కారం అలా ఉండదు. అక్కడ పది అడుగులు ఉంటాయి, నాలుగు దారులు ఉంటాయి, వెనక్కి రావడం ఉంటుంది. 1972లో న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ దీన్ని ఒక ప్రదేశంలో నడకగా ఊహించారు. ఇప్పుడున్న స్థితి, చేరవలసిన స్థితి, మధ్యలో వేయదగిన అడుగులు. వాళ్ల కాలంలో మనిషిని పక్కన కూర్చోబెట్టి ‘ఆలోచిస్తూ పైకి చెప్పండి’ అని అడిగేవారు. ఇప్పుడు అడుగులు వాటంతట అవే నమోదవుతాయి, కానీ ఆ పైకి చెప్పే మాట పోయింది. పెద్ద లాభం, పెద్ద నష్టం కూడా.

కాలంతో పాటు మారేది వేగం ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటు. పద్ధతే మారిపోతుంది. దీనికి మంచి ఉదాహరణ 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫోల్డిట్ ఆట. ప్రోటీన్లు ఎలా మడత పడతాయో ఆటగాళ్లు తెర మీద చేత్తో మడిచి చూపాలి. శాస్త్రవేత్తలకు ఏళ్ల తరబడి కొరకరాని కొయ్యగా ఉన్న ఒక వైరస్ ఎంజైము నిర్మాణం 2011లో ఆటగాళ్ల సాయంతో తేలింది. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించేది అదే ఏడాది వచ్చిన మరో పత్రం. ఆటగాళ్లు తమ ఎత్తులను ‘రెసిపీ’లుగా రాసిపెట్టుకుని, ఒకరివి ఒకరు తీసుకుని, మార్చి, మళ్లీ పంచుకున్నారు. అలా పుట్టిన ‘బ్లూ ఫ్యూజ్’ అనే రెసిపీ, శాస్త్రవేత్తలు విడిగా తయారుచేసుకుని ఇంకా ప్రచురించని ఒక పద్ధతికి చాలా దగ్గరగా ఉంది. ఇక్కడ నేర్చుకున్నది ఎవరు? ఒక్క మనిషి పేరు రాయలేం. నాలుగు అంకెల లెక్కలో ఒక బృందం జ్ఞానానికి చోటే లేదు.

మనుషులు యంత్రాన్ని కూడా నేర్చుకుంటారన్నది మరో తలనొప్పి. నేను ఒక భాషా యాప్ వాడే రోజుల్లో, నాలుగు జవాబుల్లో పొడవైనది ఎంచుకుంటే తరచూ ఒప్పవుతుందని కనిపెట్టాను. నా స్థాయి చకచకా పెరిగింది, భాష పెరగలేదు. దీనికి పరిశోధకులు పెట్టిన పేరు ‘వ్యవస్థతో ఆడుకోవడం’. 2004లో ర్యాన్ బేకర్ బృందం తరగతి గదుల్లో కూర్చుని గమనించింది. జవాబు బయటపడేదాకా సూచన మీట నొక్కుతూ పోయే విద్యార్థులు మిగతావారికన్నా తక్కువ నేర్చుకున్నారు. పక్కవారితో కబుర్లు చెప్పుకునేవారికి కూడా అంత నష్టం జరగలేదు. కబుర్లు కనీసం రికార్డును పాడుచేయవు. ఆట మాత్రం రికార్డు నిండా దొంగ ఒప్పులు నింపుతుంది.

వీటన్నిటి తర్వాత 2023లో కోడింజర్ బృందం ప్రచురించిన ఒక ఫలితం చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. రికార్డుల సముదాయాలు 27, సుమారు 13 లక్షల పరిశీలనలు. విద్యార్థులు మొదలయ్యే చోట్లు చాలా వేరు. నేర్చుకునే వేగం మాత్రం ఆశ్చర్యకరంగా ఒకటే, ఒక్కో అవకాశానికి సగటున 2.5 శాతం దగ్గర మెరుగుదల. మంచి పట్టు దొరకడానికి ఒక్కో అంశం మీద సుమారు ఏడు అవకాశాలు కావాలి. ‘వాడు చురుకు, వీడు మందం’ అనే మాటకు ఇది గట్టి దెబ్బ. అయితే ఇది వెంటనే జవాబు సరిదిద్దే, సూచనలు ఇచ్చే, పక్కాగా తయారైన పాఠాలున్న చోట దొరికిన ఫలితమని గుర్తుంచుకోవాలి. ఆ సాయం ఏదీ లేని చోట వేగాలు ఇంత దగ్గరగా ఉంటాయని దీన్నిబట్టి చెప్పలేం. ఇక్కడ కూడా సగటు ఉంది, సగటు మీద నా అనుమానం ఇంకా పోలేదు.

మరోవైపు, జోసెఫ్ బెక్, యూ గాంగ్ 2013లో గుర్తించిన విద్యార్థులు ఉన్నారు. పది అవకాశాలు ఇచ్చినా పట్టు దొరకక, బురదలో దిగబడ్డ చక్రంలా అక్కడే తిరుగుతుంటారు. వచ్చేదాకా ప్రశ్నలు ఇస్తూనే ఉండమన్నది యంత్రానికి మనం చెప్పిన నియమం. అందుకని అది పదకొండోది ఇస్తుంది, పన్నెండోది ఇస్తుంది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసే పిల్లవాడికి 63లోంచి 38 ఇస్తే ఏమి రాస్తాడో మనకు ఇప్పుడే తెలుసు: 35.

ఆ 35కీ దాని ముందున్న ప్రశ్నకూ మధ్య రికార్డులో నాలుగు నిమిషాల ఖాళీ ఉందనుకోండి. పిల్లవాడు తన సూత్రాన్ని మొదటిసారి అనుమానించి, వేళ్ల మీద లెక్కపెట్టి, ధైర్యం చాలక మళ్లీ పాత జవాబే రాసి ఉండవచ్చు. మంచినీళ్లకు లేచి వెళ్లి ఉండవచ్చు. రికార్డులో రెండింటికీ ఒకే గుర్తు: 240 సెకన్లు, తప్పు.